డాక్టరు ఇచ్చిన ఫిట్ కాగితం

“ఆదివారం ఆటలో పిల్ల మోకాలు మళ్ళీ తిరిగిపోతే ఏటండీ మన గతి?”

“డ్యూటీకి బయల్దేరేటప్పుడు ఆ మాటలేటే!” అని మా ఆయన విసుక్కున్నారు. ఆయన ఇంజను డ్రైవరు. బూట్లు బిగించుకుని షెడ్డుకు వెళ్ళిపోయారు.

మా అమ్మాయి ప్రసూన రైల్వే కబడ్డీ జట్టులో ఆడుతుంది. పోయిన ఏడు కూతకెళ్ళినప్పుడు ఎవరో చీలమండ పట్టి లాగితే మోకాలు తిరిగిపోయింది. తొమ్మిది నెలలకు, మొన్ననే డాక్టరు ఆడొచ్చని ఫిట్ కాగితం రాసిచ్చాడు. పిల్ల నడుస్తుంది, మెట్లెక్కుతుంది. వెనక అడుగుల చప్పుడైతే మాత్రం చటుక్కున కాలు ముడుచుకుంటుంది.

సాయంత్రం జట్టు మేనేజరు గోవిందరావు మా క్వార్టరుకు వచ్చాడు. పకోడీలు వేసిపెట్టాను. తింటూ తింటూ ఆ నూనె చేత్తోనే పిల్ల మోకాలు నొక్కి, గోల్ బజార్లో గుమ్మడికాయను చూసినట్టు రెండుసార్లు తట్టాడు. చుడీదారు మీద మరక పడింది.

“అచ్ఛా! రాయిలా ఉంది. ఆదివారం మొదటి కూత నీదేనే గుంటా.”

ప్రసూన కాలు వెనక్కి లాక్కుంది.

“భయపడతంది బాబూ,” అన్నాను.

“భయం మోకాల్లో ఉండదక్కా, బుర్రలో ఉంటాది. దానికి మందు నా దగ్గరుంది, చూడు.”

నోట్లో పకోడీ ఉండగానే “కబడ్డీ, కబడ్డీ” అంటూ వంగి దాని చీలమండ మీదికి దూకాడు. పిల్ల ఒక్క గెంతు గెంతి గోడకు కొట్టుకుంది. వాడు పగలబడి నవ్వాడు. నమిలిన ముద్ద మా గచ్చు మీద పడింది.

అంతకన్నా రోత ఏమిటంటే, మర్యాదకని నేనూ నవ్వబోయాను. తొమ్మిది నెలలుగా “పడతావే, విరుగుతాదే” అన్న నోరే ఇది. నీకెలా ఉందే అని ఒక్కసారీ అడగలేదు.

పళ్ళెం తీసేశాను.

“ఇంకా రెండున్నాయక్కా!”

“ఉండనీండి. మా ఆయన కామెర్లతో నాలుగు నెలలు మంచాన పడ్డారు కదా. ఫిట్ ఇచ్చిన మర్నాడే బండి చేతికిచ్చేరేటి?”

“ఎలాగిస్తారు? ముందు ఇంకో డ్రైవరు పక్కన కూర్చుని ట్రిప్పులు తిరగాలి.”

“తిరిగేక, లైను తెలిసిందని సంతకం ఎవరు పెట్టాలి? డాక్టరా?”

“డ్రైవరే,” అన్నాడు మూతి తుడుచుకుంటూ.

“మరి దీని సంతకం ఏదీ?”

“ఆటకీ బండికీ పోలికేటక్కా? జట్టులో పేరు రాసి పంపేశాను.”

“తీయించండి.”

ఆ గొంతు నాదేనా అనిపించింది. పిల్లవైపు తిరిగాను. “ఎన్ని ట్రిప్పులు కావాలే నీకు?”

అది గోడను వదల్లేదు. గోవిందరావు గడియారం చూసుకున్నాడు. యార్డులో బొగ్గు బండి కదిలి, పెట్టెలన్నీ దాటిపోయాయి. నోటిదాకా వచ్చిన “పడతావేమో”ను మింగేసి నిలబడ్డాను.

“ఆదివారం బయట కూర్చుని చూస్తానమ్మా,” అంది చివరికి. “తర్వాత... ముందు నువ్వు పట్టుకో నా కాలు, మెల్లగా. ఎన్నిసార్లో నేను చెప్తాను.”