పులిచింత గుర్తు జెండా

ఈ ఉదయం కూడా మంగతాయారు కొట్టు మెట్ల మీద నలభై ఒక్కమంది చచ్చిపడి ఉన్నారు. తొమ్మిదింటికి వాళ్ళు లేస్తారు. అప్పటిదాకా ఆమె కింద కాఫీ హోటల్లో కూర్చుని పేపరు చదువుకుంటుంది, వాళ్ళు లేచాక పైకెళ్ళి తాళం తీస్తుంది.

కాకినాడలో పాత జపాను జెండాలు అమ్మే కొట్టు ఇదొక్కటే. అక్కడి సమురాయి యోధులు ఒకప్పుడు యుద్ధానికి మోసుకెళ్ళిన పొడుగాటి జెండాలు, ఒక్కోదాని మీద ఒక్కో వంశం గుర్తు. మంగతాయారు వాటిని ఎక్కడెక్కడినుంచో వెతికి తెప్పిస్తుంది. బూజు దులిపి గోడకి వేలాడదీసి, పక్కన ఒక కార్డు పెడుతుంది. ఏ వంశం, ఏ ప్రభువు, ఏ యుద్ధం, అన్నీ ఆ కార్డులో ఉంటాయి. ఇరవయ్యారేళ్ళలో ఆమె ఏ కార్డు మీదా ‘తెలియదు’ అని రాయలేదు. ఆ సంగతి వచ్చినవాళ్ళకల్లా చెప్పుకుంటుంది కూడా.

మెట్ల మీది వాళ్ళది కిటికీ పక్క జెండా. నీలిరంగు నారగుడ్డ, మధ్యలో తెల్లగా మూడు ఆకులు. దొడ్లో ఎవరూ నాటకుండా మొలిచే పులిచింతాకే అది. జపానులో దాన్ని గుర్తుగా పెట్టుకున్న కుటుంబాలు ఒకటీ రెండూ కాదు, వందలు. మంగతాయారు ఆ వందల్లోంచి అందరికన్నా గొప్ప ప్రభువుని ఏరుకుంది. ఏటిగట్టు యుద్ధంలో ఆయన కోసం ఒక్కరూ మిగలకుండా ప్రాణాలిచ్చిన దళం జెండా ఇది అని రాసింది. కార్డు పెట్టిన మర్నాటినుంచి మెట్ల మీద రోజూ ఎనిమిదింటికి యుద్ధం జరుగుతోంది. పోయినవాళ్ళే మళ్ళీ పోతున్నారు, కొత్తగా నష్టమేముంది అనుకుని ఆమె ఊరుకుంది.

ఇవాళ తొమ్మిదింటికి అందరూ లేచి, ఒకరి వీపులోని బాణాలు ఒకరు పీకి, దుమ్ము దులుపుకుంటారు. జెండా మోసే మనిషి గడ్డి చెప్పులు గుమ్మం దగ్గర విప్పి లోపలికొస్తాడు. ఇరవై ఏళ్ళుంటాయేమో.

“ఓ మాటండి, అమ్మగారూ,” అంటాడు. ఎనిమిది నెలలుగా కిటికీ పక్కనే ఉన్నాడు కాబట్టి వీధిలోని మాటంతా అతనికి పట్టుబడింది. “ఇయ్యాల వ్యాఘ్రేశ్వరరావుగారు జెండా కొనుక్కోడానికొత్తన్నారంట కదండీ.”

“అవును నాయనా, పదకొండింటికి.”

“ఆయన ఈ కార్డుని అద్దంలో బిగించేత్తారండి. బిగించేశాక మాకింక లెగడం అవదండి. పడ్డోళ్ళం పడ్డట్టే ఉండిపోవాలండి.”

మంగతాయారు చేతిలోని తాళంచెవి బల్ల మీద పెడుతుంది. “ఎలాగూ ఆ యుద్ధంలో పోయినవాళ్ళేగా మీరు?”

“మేం ఆ యుద్ధానికి ఎళ్ళనేలేదండి. బియ్యం బండెనకాల నడిచే పనండి మాది. ఆ రోజు బండి ఇరుసు ఇరిగిపోయింది. బాగుచేసుకునేసరికి యుద్ధం అయిపోయిందండి. సరే, ఇంటికెళ్ళిపోదారని ఎనక్కి తిరిగాం. దార్లో ఉండగా తవరు కార్డు రాసేశారు.”

అతని గొంతులో కోపం లేదు. దాంతో ఆమెకి తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియదు. ఎందుకంటే ఆమె కన్ను ముందే పట్టేసింది. ఆ ఆకులు రంగుతో వేసినవి కావు. గుడ్డ మీద బియ్యప్పిండి జిగురు పూసి నీలిలో ముంచుతారు, జిగురున్నచోట రంగు అంటక తెల్లగా మిగులుతుంది. ప్రభువుల జెండాకైతే ఆ అంచు కత్తితో కోసినట్టు ఉంటుంది. ఇది వంకరటింకరగా ఉంది, ఎవరో పల్లెటూరి అద్దకంవాడు హడావుడిలో పూసింది. అది చూసీ ఆమె ప్రభువు పేరే రాసింది.

“మీ ఇంటిపేరేంటో చెప్పు. ఉన్నదున్నట్టు రాసేస్తాను.”

“అది మేవే మర్చిపోయావండి. రోజూ చచ్చిపోతంటే ముందు పోయేది అదేనండి.”

“పోనీ మీ ఊరు?”

“తర్వాత పోయేది అదండి.”

మంగతాయారు కొత్త కార్డు తీసుకుని కూర్చుంటుంది. పెన్ను మొరాయిస్తుంది. ‘తె’ దిగడానికే పావుగంట పడుతుంది. ‘లి’ కాగితం దాకా వచ్చి, మళ్ళీ ఆమె మణికట్టు మీదుగా మోచేతి దాకా పాకిపోతుంది. ఆమె దాన్ని బతిమాలి కిందికి దింపుతుంది. ఈ కార్డుతో ఇన్నేళ్ళు సంపాదించుకున్న పేరు మట్టిలో కలిసిపోతుందని ఆమెకి నిజంగా భయం వేస్తుంది. తలెత్తితే గుమ్మంలో నలభై ఒక్కమందీ పెన్ను వంకే చూస్తున్నారు. ఒకడు చెవిలో దిగిన బాణం పీక్కోవడం కూడా మర్చిపోయాడు. ఆమె పళ్ళ బిగువున చివరి అక్షరం రాసేస్తుంది.

వంశం తెలియదు. ఊరు తెలియదు. యుద్ధానికి వెళ్ళలేదు.

పదకొండింటికి సామర్లకోట రైసుమిల్లు యజమాని వ్యాఘ్రేశ్వరరావు వచ్చి, కార్డు రెండుసార్లు చదువుతాడు.

“ఇదేంటండీ, యుద్ధం లేదా?”

“లేదండి. ఇరుసు విరిగింది.”

“మా హాలు గోడకి యుద్ధం వస్తోందని చెప్పేశానండి. నెల్రోజులుగా సున్నం రాల్చకుండా ఎదురుచూస్తోంది.”

“తెలియదని చెప్పండి.”

“గోడలు ఆ మాట ఒప్పుకోవండి.” ఆయన కార్డు బల్ల మీద పెట్టేస్తాడు. “మీ దగ్గర ఈ మాట వినాల్సొస్తుందనుకోలేదు, మంగతాయారుగారూ.”

ఆయన వెళ్ళిపోతాడు. సాయంత్రానికల్లా ఊరంతా చెప్తాడు, అందులో అనుమానం లేదు. మంగతాయారు ఏడుపొస్తుందేమోనని కాసేపు కూర్చుని చూస్తుంది. రాదు. బిగుతు జాకెట్టు హుక్కు ఊడినట్టు ప్రాణం హాయిగా ఉంటుంది.

జెండా మోసే మనిషి జెండా దింపి భుజాన వేసుకుంటాడు. “ఎళ్ళొత్తావండి.”

“ఉండు, కిందిదాకా వస్తాను.”

మెట్లు ఎప్పటికన్నా నెమ్మదిగా దిగుతాయి. కింద కాఫీ హోటలు ఉండాల్సిన చోట నీళ్ళు పెట్టిన వరిచేను ఉంది. గట్టు మీద నలభై ఒక్కమంది ఆడవాళ్ళు నిలబడి ఉన్నారు. ఒక్కొక్కరి చేతుల్లో ఒక్కో బూడిదరంగు మడత. అవి వాళ్ళ మగవాళ్ళ ముసలితనాలు. ఏటా ఎండలో వేసి, మడతలు మార్చి, చిమ్మటలు కొట్టకుండా ఇన్నాళ్ళూ దాచారు.

ఆడవాళ్ళు వాటిని దులిపి ఎవరివాళ్ళకి వాళ్ళు కప్పుతారు. జుట్టు తెల్లబడుతుంది, నడుములు వంగుతాయి, పళ్ళు ఒక్కోటీ చేనులోకి రాలుతాయి. చెవిలో బాణం ఉన్నవాడికి ఆ చెవి వినబడటం మానేస్తుంది, బాణం దానంతటదే జారిపోతుంది. మగవాళ్ళు ఒకరి ముడతలు ఒకరికి చూపించుకుని నవ్వుకుంటున్నారు.

జెండా మోసే మనిషిది వాళ్ళమ్మ దగ్గరుంది. ఆమెకి భుజం అందదు. అతను బురదలో మోకాళ్ళ మీద కూర్చుంటే ఆమె కప్పుతుంది. లేచేసరికి అతనికి ఎనభై ఏళ్ళు, ఆమెకి నలభై. ఆమె అతన్ని ఎగాదిగా చూసి ఏదో అంటుంది.

“నాకంటే పెద్దోడివైపోయావు, ఇంక నిన్ను తిట్టడానికి లేదు అంటందండి మా అమ్మ,” అని బోసినోటితో అతను మంగతాయారుకి చెప్తాడు.

మంగతాయారు చీర కుచ్చిళ్ళు ఎత్తి పట్టుకుని పాదాలు మునిగే నీళ్ళలో నిలబడి చూస్తుంది. తల్లి గట్టు మీద కూర్చుని అన్నం మూట విప్పుతుంది. కొడుకు గడ్డం పట్టుకుని నోట్లోకి తొంగి చూసి, అన్నాన్ని వేళ్ళతో మెత్తగా మెదిపి, ఊది, ముద్ద పెడుతుంది. ఎనభై ఏళ్ళ కొడుకు అది మింగి, మళ్ళీ నోరు తెరుస్తాడు.