పన్నెండో మేకు

పాత కుర్చీలకు కొత్త బట్ట తొడిగే ఆ మేస్త్రీకి నోరే మూడో చెయ్యి. ఎడమ చేత్తో బట్టను బిగలాగి పట్టుకోవాలి, కుడి చేత్తో అయస్కాంతం సుత్తి ఆడించాలి. మరి మేకులెక్కడ పెట్టుకుంటాడు పాపం? గుప్పెడు చిన్న మేకులు నోట్లో పోసుకునేవాడు. నాలుక వాటిని ఒక్కొక్కటిగా తిప్పి, తల ముందుకు వచ్చేలా పెదాల మధ్యకు తోసేది. సుత్తి తన మొనకున్న అయస్కాంతంతో అందుకుని టక్కున దిగ్గొట్టేది. ఇరవై రెండేళ్లలో ఒక్క మేకు దారి తప్పలేదు. "మా ఆయన నోరు మూసుకునుండేది ఆ మేకులున్నంతసేపే" అని భార్య అందరి ముందూ ఆటపట్టించేది.

అలాంటి మనిషికి కింది జ్ఞానదంతం అడ్డంగా మొలిచి దవడ వాచింది. పళ్ల డాక్టరమ్మ ఒక కాగితం ముందు పెట్టింది. "ఈ పన్ను లోపలి పక్కనే నాలుకకు వెళ్లే నరం ఉంటుంది. తీసేటప్పుడు దానికి దెబ్బ తగిలే ప్రమాదం ఉంది. అరుదే, కానీ ఉంది. చదివి సంతకం పెట్టండి" అంది.

మనవాడు చదివితేగా! "ఆస్తి రాసివ్వడం లేదు కదా డాక్టరుగారూ" అని నవ్వుతూ గీకి పారేశాడు. తాను నాలుకతో బతికేవాడినని ఆమెకు ఒక్క మాట చెప్పాలని కూడా తోచలేదు. ఏం చెప్పాలి ఇలాంటివాళ్లకి!

పన్నయితే వచ్చేసింది. నాలుక కుడి సగం, దాని కింది కండ మాత్రం మొద్దుబారినది మొద్దుబారినట్టే ఉండిపోయింది. నాలుక కొరుక్కున్నా తెలిసేది కాదు. డాక్టరమ్మ సూదిమొనతో తాకి చూసి మొహం చిన్నబుచ్చుకుంది. "చాలామందికి స్పర్శ మెల్లగా దానంతటదే తిరిగొస్తుంది. రెండు నెలలకీ రాకపోతే పెద్దాసుపత్రికి పంపిస్తాను. ఆలస్యం మాత్రం చెయ్యకండి" అంది. ఆయన మళ్లీ ఆ గడప తొక్కలేదు. ఇక రాదంటుందేమోనని భయం. అలా ఐదు నెలలు గడిపేశాడు.

ఆయన పనిచేసే షాపు యజమాని చెడ్డవాడేం కాదు. మేకులు నోట్లో పెట్టుకోలేక పిన్నుల మిషనుతో నెట్టుకొస్తున్నా ఇన్నాళ్లూ ఊరుకున్నాడు, చివరికి "పిన్నుల మిషనుతో కొడితే ఈ పాత చెక్కలు చీలిపోతాయి. నాకు నీ మేకులే కావాలి. కుదరదంటే చెప్పు, ఫోము కోసే బల్ల దగ్గరికి మారుస్తాను" అన్నాడు.

ఫోము కోయడమా! నిన్నగాక మొన్న చేరినవాడు చేసే పని అది. మేస్త్రీకి తల కొట్టేసినట్టయింది. "బాగైపోయిందండీ, నిక్షేపంలా ఉంది" అనేశాడు. ఇంట్లోనూ అదే చెప్పాడు.

"అయితే కానియ్యి, చూస్తాను" అని యజమాని చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

మేస్త్రీ పన్నెండు మేకులు లెక్కపెట్టి నోట్లో వేసుకున్నాడు. కుడివైపు జారినవాటిని తల వంచి ఎడమవైపుకు దొర్లించుకుంటూ, చెమటలు కారుతుంటే, కుర్చీ అంచు చుట్టూ పదకొండు కొట్టాడు. యజమాని లెక్కపెట్టలేదు. "శభాష్! నీ బల్ల నీదేనయ్యా" అని భుజం తట్టి వెళ్లిపోయాడు.

పన్నెండోది బయటికి రాలేదు.

మేస్త్రీ నేలంతా అయస్కాంతంతో ఊడ్చాడు. చొక్కా దులిపాడు. పక్క బల్ల మీద పనిచేసే బావమరిది చూస్తుండగానే కొట్టిన బట్టంతా ఊడదీశాడు.

"ఏంటి బావా, చక్కగా కొట్టి మళ్లీ పీకుతున్నావు?"

"ముడత పడిందిలేరా."

కుర్చీలోనూ లేదు. అంటే మింగేశాడన్నమాట! ఆసుపత్రికి పరుగెత్తాల్సినవాడు, షాపులో తెలిసిపోతుందని సాయంత్రం దాకా పంటి బిగువున కూర్చున్నాడు. అన్నం ముట్టలేదు, మంచినీళ్లు కూడా తాగలేదు. బల్ల కోసం ప్రాణం పణంగా పెట్టాడు, మొండి మనిషి.

ఇంటికి రాగానే భార్య ఎదురొచ్చింది. "అదేంటండీ, చొక్కా మీద రక్తం?"

కుడి పెదవి మూల నుంచి కారుతోంది. ఆయనకది తెలియనే లేదు. ఇక దాచలేక బావురుమన్నాడు. "బాగవలేదే. ఏమీ బాగవలేదు. మేకు మింగేశాను."

"అయ్యో, ఏం మనిషండీ మీరు! నాతో కూడా చెప్పకుండా... ముందు నోరు తెరవండి."

కిటికీ దగ్గర కూర్చోబెట్టి, చెంచా కాడతో నాలుక పైకెత్తి చూసింది. మేకు కడుపులోకి పోనేలేదు. నాలుక కింద, కుడివైపు, మెత్తటి కండలో మొన దిగబడి ఉంది. తల ఒక్కటే కనిపిస్తోంది. పొద్దుటి నుంచీ దానితోనే మాట్లాడాడు, దానితోనే నడిచి ఇంటికొచ్చాడు.

"ఇక్కడే ఉంది. కదలకండి, నొప్పెడుతుంది" అంటూ పట్టకారు తెచ్చింది. ఆయన కళ్లు గట్టిగా మూసుకుని కుర్చీ చేతులు పట్టుకున్నాడు. మొదటిసారి పట్టు జారింది. రెండోసారి పళ్లు బిగించి లాగింది. రక్తం బొటబొటా కారింది. మేకు ఆమె అరచేతిలో పడింది.

ఆయన ఇంకా కళ్లు తెరవలేదు. నోరు తెరుచుకునే ముద్దముద్దగా అన్నాడు. "ఊఁ, కానివ్వవే. నొప్పికి ఓర్చుకుంటాలే. ఎప్పుడు తీస్తావు?"