కండెల నీళ్లు

తిమ్మయ్యకు ఉన్నది ఒక్క కన్నే. ఎడమ కన్ను చిన్నప్పుడే జొన్న కొయ్య గుచ్చుకుని పోయింది. దేవుడు అంతటితో ఊరుకుని ఉంటే బాగుండేది. ఊరుకోలేదు.

కోడుమూరులో వాళ్లది చేనేత ఇల్లు. నూలు చుట్టిన కండెలు నేసేముందు నీళ్లలో నానాలి, లేకపోతే పోగు తెగుతుంది. ఆ నీళ్ల కుండను వాళ్లింట్లో ఎప్పుడూ పూర్తిగా పారబోయరు. పాతనీళ్లలో నూలు మెత్తబడుతుందని, తరిగినంత పోస్తూ వస్తారు. తిమ్మయ్య తల్లి కాలం నుంచీ అంతే. మగ్గం దగ్గర కంట్లో నలక పడితే కడిగేదీ ఆ నీళ్లతోనే, చల్లగా ఉంటాయని.

ఈసారి నలక పడినప్పుడు తిమ్మయ్య కన్ను గట్టిగా నలిపేశాడు. భార్య శివలీల దోసిలితో ఆ నీళ్లే పోసింది. మంట తగ్గలేదు. రోజూ పోసింది. మెడికల్ షాపువాడు తోచిన చుక్కలేవో ఇస్తే అవీ వేసింది. కన్ను తెల్లబారాక గానీ కర్నూలు కంటాసుపత్రికి పోలేదు.

డాక్టర్ ఆరాధన పరీక్షలు చేయించి, ఇద్దరినీ కూర్చోబెట్టింది.

"ఇది అమీబా, అన్నా. నీళ్లలో బతుకుతుంది, కంటికి కనబడదు. కంటిపొర బాగుంటే దానికి పట్టు దొరకడం కష్టం. గీరుకుపోయిన చోట అతుక్కుంటుంది. అతుక్కున్న చోట కంటి కణాన్ని విషంతో చంపి తినేస్తుంది, తర్వాత పక్కదాన్ని పట్టుకుంటుంది. ఇప్పటికే లోపలిదాకా పోయింది. మందులు వేద్దాం. చూపు వస్తుందని మాత్రం చెప్పలేను. ఇంతకీ ఏ నీళ్లతో కడిగారు?"

శివలీల నోరు తెరిచింది. తిమ్మయ్య ముందే అందుకున్నాడు.

"వంకలో మొగం కడుక్కుంటి మేడం. నేనే. ఎవురు చెప్పినా ఇనల్యా."

ఊరి పక్క ఆ వంకలో నీళ్లు ఎండిపోయి ఎన్నాళ్లయిందో కోడుమూరులో పసిపిల్లలకూ తెలుసు. డాక్టరమ్మ నమ్మి రాసుకుంది. శివలీలకు భూమి చీలి తనను మింగేస్తే బాగుండుననిపించింది.

నెలల తరబడి మందులు వేశారు. చూపు రాలేదు.

ఇంటికొచ్చిన రోజు శివలీల కుండ ఎత్తి వాకిట్లో కుమ్మరించింది. అలవాటు కొద్దీ మగ్గం గుంతలో కాళ్లు పెట్టుకుని కూర్చున్న తిమ్మయ్య చప్పుడు విన్నాడు.

"ఏం పారబోస్తాండావు మే? కండెల నీళ్లేనా?"

ఆమె కుండ అక్కడే వదిలేసి వచ్చి, అతని పక్కన కూలబడింది.

"తిట్టరాదా నన్ను. ఒక్కసారన్నా తిట్టరాదా."

తిమ్మయ్య తడుముకుని ఆమె చెయ్యి పట్టుకున్నాడు.

"ఎందుకు తిట్టల్ల? అంత మంటలో, నువ్వు నీళ్లు పోస్తాంటేనే రోంత సల్లగుండ్య."