ముందు చెప్పిన పాఠం

పెద్ద మేడమ్‌కి పక్షపాతమంటే ఒళ్లు మంట. బడిపంతుళ్లు కాబోయేవాళ్లకి లెక్కలెలా చెప్పాలో నేర్పే ఆ యూనివర్సిటీ విభాగానికి ఆవిడే అధిపతి. అక్క కొడుకు అక్కడ సీటుకి దరఖాస్తు పెడితే, ఆ ఏడాది ప్రవేశాల కమిటీలోంచే తప్పుకున్న మనిషి. అక్కకి ఒళ్లు మండి రెండేళ్లు మాట్లాడలేదు. "మాట్లాడకపోతే మానె. రేపు ఎవడూ నన్ను వేలెత్తి చూపకూడదు" అనేది. ఆ మాట అనడం ఆవిడకెంత ఇష్టమో, వినడం ఇంట్లోవాళ్లకి అంత విసుగు.

అలాంటావిడకి ఈసారి పీకల మీదికొచ్చింది. విభాగంలో ఒకే ఒక్క పర్మనెంటు ఉద్యోగం పడింది. పిలుపు అందుకున్న ఇద్దరిలో ఒకాయన బయటి ఊరివాడు, రెండో మనిషి ఆవిడ శిష్యురాలే. విద్యార్థులంతా చిన్న మేడమ్ అని పిలిచే ఆ మనిషి తొమ్మిదేళ్లుగా అక్కడే టెంపరరీగా పాఠాలు చెబుతోంది. వచ్చే ఏడాదికి వయసు దాటిపోతుంది, ఇక దరఖాస్తు పెట్టుకునే వీల్లేదు. పైగా కొత్తగా వచ్చేవాళ్లు చెప్పబోయేది చిన్న మేడమ్ క్లాసులే గనక, ఈ ఉద్యోగం రాకపోతే ఉన్నదీ ఊడుతుంది. ఇంట్లో అత్తగారు రోజూ సాయంత్రం "ఇంకా టెంపరరీయేనా అమ్మాయ్?" అని అడుగుతుందట. వెటకారం కాదు పాపం, దిగులు. కొడుకు మంచాన పడ్డాక ఆ ఇంటికి కోడలి జీతమే దిక్కు.

ఇంటర్వ్యూలో నోటి ప్రశ్నలతో సరిపెట్టకుండా పాఠం కూడా చెప్పించడం ఆ విభాగం పద్ధతి. దగ్గర్లోని బడి నుంచి ఒక తరగతి పిల్లల్ని తెచ్చి కూర్చోబెడతారు. అందరూ ఆ పిల్లలకే, ఆ పాఠమే చెప్పాలి. అదే న్యాయమని ఆ పద్ధతి పెట్టింది కూడా పెద్ద మేడమే. ఎవరు ముందన్న మాట వచ్చినప్పుడు ఒక్క క్షణం తడుముకోలేదు.

"బయటాయన దూరం నుంచి వస్తున్నాడు, కాస్త అలసట తీర్చుకోనివ్వండి. మన అమ్మాయే ముందు చెబుతుంది. లేకపోతే మనవాళ్లకి అనుకూలంగా పెట్టుకున్నామంటారు."

"అలాగే మేడమ్" అంది చిన్న మేడమ్. ఏనాడు కాదంది గనక!

ఆ రోజు పాఠం సగానికి మూడో వంతు కలపడం. చిన్న మేడమ్ పిల్లలకి కాగితం పట్టీలు పంచి, రెండూ కలిపితే ఎంతవుతుందని అడిగింది.

"రెండు బై అయిదు టీచర్!" అని గదంతా ఒక్క గొంతుతో అరిచింది.

"ఎలా వచ్చింది?"

"పైన ఒకటీ ఒకటీ రెండు, కింద రెండూ మూడూ అయిదు" అంది ముందు బెంచీలో రెండు జడల పిల్ల, ఇంత చిన్న లెక్కా అన్నట్టు మొహం పెట్టి.

చిన్న మేడమ్ తప్పనలేదు. ఒక పట్టీని సగానికి మడవమంది. ఇంకోదాన్ని అయిదు సమానమైన ముక్కలుగా గీసి, రెండింటికి రంగు వేయమంది. రెండూ పక్కపక్కన పెట్టి చూడమంది. చూశారు. రంగు వేసింది సగం కంటే పొట్టిగా ఉంది.

"అదేంటర్రా? సగానికి ఇంకొంచెం కలిపితే సగం కంటే తగ్గిందా?"

ఇంకేముంది, క్లాసంతా గగ్గోలు. నువ్వు గీసింది తప్పంటే నువ్వు మడిచింది తప్పని కొట్టుకు చస్తున్నారు. రెండు జడల పిల్లకి కళ్లలో నీళ్లు తిరిగాయి. చిన్న మేడమ్ వెళ్లి ఆ పిల్ల పక్కనే ఇరుక్కుని కూర్చుంది.

"ఏడవకు తల్లీ. ఇది మంచి చిక్కే. వదలకుండా చూస్తూ ఉండు."

అంతలో బెల్లు కొట్టారు.

వెనక కుర్చీల్లో కమిటీ, వాళ్ల పక్కన పెద్ద మేడమ్ కూర్చుని ఉన్నారు. అధ్యక్షుడు న్యాయశాస్త్రం ప్రొఫెసరు, అస్తమానం వాచీ చూసుకుంటాడని అందరూ గడియారం గారంటారు. "పిల్లకి చివరికి ఏడుపే మిగిలింది" అని పక్కాయనతో గొణిగాడు.

టీ విరామంలో పెద్ద మేడమ్ మంచినీళ్ల కోసం వరండాలోకి వెళ్లింది. పిల్లలకి బిస్కెట్లిచ్చి అక్కడ కూర్చోబెట్టారు. వాళ్లు బిస్కెట్లు పక్కన పడేసి నేల మీద బోర్లా పడుకుని పట్టీలు మడుస్తున్నారు. రెండు జడల పిల్ల సగం ముక్కని మూడు మడతలు పెట్టింది, మూడో వంతు ముక్కని రెండు మడతలు పెట్టింది.

"ఒసేయ్, ఇటు చూడవే! ఇప్పుడన్నీ ఒకే సైజు! ఇవి మూడు, ఇవి రెండు. అయిదు బై ఆరు!"

పెద్ద మేడమ్‌కి ఒళ్లు పులకరించింది. బోధనంటే ఇది కదూ! నేర్పిన మనిషి పక్కన లేకపోయినా పాఠం నడుస్తూనే ఉంది. మరుక్షణం గుండెల్లో రాయి పడింది. ఇప్పుడు రెండో ఆయన పాఠం చెప్పబోయేది ఈ పిల్లలకే. ఇన్నేళ్లు లెక్కల బోధన గురించి ఊదరగొట్టిన మనిషికి, ఒకసారి నేర్చుకున్న పిల్లలు మళ్లీ మొదటి పిల్లలు కారన్న ముక్క తట్టకపోవడమేమిటి? చెప్పాలి, ఇప్పుడే చెప్పాలి అనుకుంటూ లోపలికెళ్లింది. గడియారం గారు "పదండి పదండి, ఆలస్యమవుతోంది" అన్నాడు. ఆవిడ వెళ్లి కూర్చుంది.

బయటాయన చెడ్డవాడేం కాదు. నవ్వు మొహం, స్పష్టమైన గొంతు. పెద్ద చార్టు చుట్టి తెచ్చుకున్నాడు. సగమూ మూడో వంతూ అన్నాడో లేదో, రెండు జడల పిల్ల లేచి, "రెండు బై అయిదు అసలు కుదరదు సార్, సగం కంటే తగ్గిపోతుంది" అంటూ బోర్డు దగ్గరికొచ్చి అంతా గీసి చూపించింది. మిగతావాళ్లు వంత పాడారు. ఆయన చార్టు చుట్ట విప్పనే లేదు. పాపం, ఆయనే తెల్లబోయాడు.

కమిటీ మొహాలు వెలిగిపోయాయి.

"ఇందాక ఏడ్చిన పిల్లే కదండీ! ఎలా మార్చేశాడో చూశారా! తను నోరు మెదపకుండా అంతా పిల్లల చేతే చెప్పించాడు" అన్నాడు గడియారం గారు. తలుపులేసుకున్నాక పెద్ద మేడమ్ వైపు తిరిగాడు. "మీ శిష్యురాలికి మీరు మార్కులు వేయకూడదు, అది రూలు. కానీ ఇది మీ సబ్జెక్టు. రెండు పాఠాలూ చూశారు. ఏమైనా చెబుతారా?"

ఇంతకన్నా ఎవరడుగుతారు? చెబితే ఏమంటారు? సొంత మనిషి కోసం సాకులు వెతుకుతోందంటారు. అననీ! ఒక మనిషి బతుకు కంటే ఆ మాట బరువా? ఆ క్షణానికి ఆవిడకి అదే బరువనిపించింది.

"నేనేం చెప్పినా నా మనిషి కోసం చెప్పినట్టే ఉంటుంది. మీరే నిర్ణయించండి."

"అందుకే మేడమంటే మాకింత గౌరవం" అన్నాడు గడియారం గారు. మిగతావాళ్లు తలూపారు. ఆ మెప్పు విని లోలోపల ఎక్కడో ఆవిడకి కాస్త బాగానే అనిపించింది. ఛీ, మనిషి పుట్టుక!

పని ముగిశాక తరగతి గదిలోకి వెళ్లేసరికి చిన్న మేడమ్ బెంచీల కింద పట్టీలు ఏరుతోంది. పెద్ద మేడమ్ మొహం చూడగానే అర్థమైపోయింది.

"ఆయనకేనా మేడమ్?"

"ఆయనకే అమ్మా."

చిన్న మేడమ్ పిల్లల బెంచీ మీద కూలబడింది. చేతిలో పట్టీల్ని కాసేపు సర్దింది.

"వరండాలో పిల్లలు అయిదు బై ఆరు తెచ్చేశారు మేడమ్. నేను కిటికీలోంచి చూశాను. మీరూ అక్కడే నిలబడ్డారు."

"చూశాను."

"మరి లోపల... చెప్పారా?"

పెద్ద మేడమ్ బోర్డు వైపు చూసింది. రెండు జడల పిల్ల గీసిన ముక్కలు ఇంకా చెరిపేయలేదు.

"చెప్పానమ్మా. వాళ్లు వినలేదు."

చిన్న మేడమ్ కళ్లలోంచి అప్పుడు దూకాయి నీళ్లు. పైట చెంగుతో తుడుచుకుని, లేచొచ్చి ఆవిడ రెండు చేతులూ పట్టుకుంది.

"నాకది చాలు మేడమ్. మీలాంటి మనిషి ఎవరి కోసమూ నోరు తెరవదు. నా కోసం తెరిచారు. ఉద్యోగం రాలేదని అత్తయ్యకి ఎలా చెప్పాలా అనుకున్నాను. ముందు ఈ మాట చెబుతాను."

పెద్ద మేడమ్ ఆ చేతులు విడిపించుకోలేకపోయింది.