ఏడో రోడ్డు మీద పది పేజీలు

"రోడ్డు అందరిదీ. నిన్నెవరు ఆపారు?" అన్నాడు మా ఆయన ఎలియేసెర్, సైకిల్ హెల్మెట్ తీసి వంటింటి బల్ల మీద, దుంపల తొక్కల కుప్ప పక్కన పెడుతూ.

ఆదివారం మధ్యాహ్నం ఒకటిన్నర. మా బొగోటాలో ఆదివారాలు పొద్దున ఏడు నుంచి మధ్యాహ్నం రెండు దాకా ఏడో రోడ్డు మీద బస్సులూ కార్లూ ఆపేసి మనుషులకి వదిలేస్తారు. పెళ్ళయిన దగ్గర్నుంచీ మా ఆయన ఒక్క ఆదివారం కూడా వదలకుండా ఆ రోడ్డు మీద సైకిల్ తొక్కుతున్నాడు. యాభై నాలుగేళ్ళకి పొట్ట లేదు. నేను అదే ఏడు గంటలూ తొమ్మిది మందికి సరిపడా మూడు రకాల దుంపలు ఒలిచి, కోడి ఉడికించి, మొక్కజొన్న కంకులు వేసి సూపు కాస్తాను. రెండింటికి ఆడపడుచులూ మరుదులూ వస్తారు. సూపు గిన్నెల్లోకి దిగే వేళకి ఏడో రోడ్డు మీదకి బస్సులు తిరిగి వచ్చేస్తాయి. డాక్టరమ్మ నడవమంది, ఎక్కడ నడవను అని నేను అడిగినదానికి ఆయన ఇచ్చిన జవాబు అది.

నేను గుండీల వ్యాపారిని. పోలికార్పా బట్టల వీధుల్లో కింద కొట్టు, పైన ఇల్లు. గుండీలు, జిప్పులు, లేసులు, దారాలు. మనిషి గుమ్మంలోకి వచ్చేటప్పటికే వాళ్ళ నడకని బట్టి కొనేవాళ్ళో, బేరమాడి పోయేవాళ్ళో చెప్పగలను. కళ్ళతో చూసి లేసు ఎన్ని మీటర్లుందో చెబితే నాలుగు వేళ్ళు అటూ ఇటూ కాదు. కానీ నా తెలివి కొట్టు దగ్గరే ఆగిపోయేది. మెట్లెక్కి ఇంట్లోకి వచ్చేది కాదు.

మూడేళ్ళ కిందట మా పేట లైబ్రరీలో యమీలే అనే అమ్మాయి రాసుకునేవాళ్ళ కోసం ఒక క్లాసు మొదలుపెట్టింది. పన్నెండు కుర్చీలు. నెలాఖరు శనివారానికి మనిషికి పది పేజీలు తేవాలి. వరసగా రెండు నెలలు తేలేకపోతే ఆ కుర్చీ బయట ఎదురుచూస్తున్నవాళ్ళలో ఒకరికి వెళ్ళిపోతుంది. పేచీ లేదు, సంజాయిషీ లేదు. నాకు ఆ పద్ధతి నచ్చింది. నలభై ఎనిమిదేళ్ళ వయసులో నా పేరు రాసిన కుర్చీ ఒకటి దొరికింది. ఇంట్లో ఆరు కుర్చీలున్నా ఫలానాది నీది అని ఎవరూ అనలేదు. దుంపల కొండల మీద నుంచి పాల లారీ ఎక్కి పట్నం వచ్చిన పదహారేళ్ళ పిల్ల కథ రాయడం మొదలుపెట్టాను. మధ్యాహ్నం మూడున్నరకి బేరాలు పలచబడతాయి. అప్పుడు కొట్టు బల్ల దగ్గర స్టూలు మీద కూర్చుని రాసేదాన్ని.

నాలుగింటికల్లా పైనుంచి పళ్ళెం దిగేది. గుడ్డ కప్పిన పళ్ళెంలో వేడి చాక్లెట్, అందులో కరుగుతున్న చీజ్ ముక్క, పక్కన ఒక అల్మొహబానా. మొక్కజొన్న పిండీ చీజూ కలిపి కాల్చిన గుండ్రటి రొట్టె. తెచ్చేది మా అత్తగారు ఎర్సిలియా. డెబ్భై తొమ్మిదేళ్ళ మనిషి, మోకాళ్ళ నొప్పులు. పళ్ళెం పెట్టి, "తిను అమ్మాయ్, అక్షరాలు కడుపు నింపవు" అని ఒక మాట విసిరి వెళ్ళిపోయేది. అది ఎత్తిపొడుపేనని నాకు అనుమానం లేదు. అయినా రొట్టెని వాడుకున్నాను. పేజీ పూర్తయితేనే రొట్టె తినాలని నాకు నేనే షరతు పెట్టుకున్నాను. కూలీకి కూలి ఇచ్చినట్టు. మూడేళ్ళలో మూడు వందల అరవై పేజీలు, మూడు వందల అరవై రొట్టెలు. పేజీలు లైబ్రరీకి వెళ్ళాయి. రొట్టెలు నా నడుము చుట్టూ స్టాకు పడ్డాయి.

జనవరి చివర్లో పరీక్ష చేస్తే మూడు నెలల చక్కెర సగటు ఏడూ పాయింట్ నాలుగు వచ్చింది. మే మొదట్లో మళ్ళీ చూస్తాను, ఆరున్నర లోపుకి రాకపోతే మాత్రలు తప్పవు అంది డాక్టరమ్మ. రొట్టె మానాలి, రోజూ నడవాలి.

ఆ ఆదివారం సూపు దగ్గర అందరి ముందూ ఎలియేసెర్ ఆ కాగితం చదివాడు. కూర్చుని రాయడం వల్లే ఇదంతా అన్నాడు. పెద్ద ఆడపడుచు, రాసేవాళ్ళందరికీ వెనక వైపు వెడల్పే అంది. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను, చేతిలో గరిటె ఉంది, ఇంకా నలుగురికి వడ్డించాలి.

"ఒక ఒంటితో రెండు పనులు కావు రచయిత్రిగారూ. మాట ఇయ్యి. మే నెలకి ఆరున్నర లోపుకి రాకపోతే ఆ కుర్చీ వదిలేస్తానని ఇయ్యి" అన్నాడు.

"ఇచ్చాను" అన్నాను.

వ్యాపారంలో నేను ఎవరికైనా చెప్పే మొదటి మాట, నిలబడి నిలబడి కాళ్ళు పీకుతున్నప్పుడు బేరం ఒప్పుకోవద్దని. పొద్దున ఏడింటి నుంచి నిలబడి ఉన్నాను. ఒప్పుకున్నాను.

ఫిబ్రవరి అంతా నడిచాను. తెల్లారి అయిదింటికి లేచి, ఇంకా తెరవని కొట్ల ముందు నుంచి పార్కుకి వెళ్ళి నాలుగు చుట్లు తిరిగి, ఆరున్నరకి వచ్చి అందరికీ గుడ్లు వేసిన పాల సూపు కాచి, ఎనిమిదింటికి కొట్టు తీసేదాన్ని. మూడున్నరకి పుస్తకం ముందు పెట్టుకుంటే కళ్ళు మూతలు పడేవి. కూలి లేదని తెలిసిన చెయ్యి కదిలేది కాదు. రాయలేక పైకి వెళ్ళి అందరితో కూర్చుని తీపి లేని కాఫీ తాగేదాన్ని. నెలాఖరుకి నాలుగు పేజీలు. యమీలే నా పేరు ఎదురుగా చిన్న గీత గీసింది. ఇంకొక్క గీత పడితే కుర్చీ పోతుంది. అంటే మే దాకా ఆగే పని కూడా ఉండదు.

మార్చి ఒకటి నుంచి మళ్ళీ స్టూలెక్కాను. పళ్ళెం మళ్ళీ దిగింది. రోజూ దిగింది. పెట్టినదాన్ని తినకపోతే మా వైపు పెద్దవాళ్ళు దాన్ని అవమానం కింద లెక్క వేస్తారు. అయిదు రోజులు తిన్నాను. ఆరో రోజు నుంచి చాక్లెట్ మొక్కల తొట్టిలో ఒంపి, రొట్టెని పెద్ద కోటు గుండీల సొరుగులో దాచాను. ఆ గుండీలు చలికోట్లు కుట్టేవాళ్ళు తప్ప ఎవరూ అడగరు. ఆ ముసలావిడకి ఎంత పంతం, షుగరని బల్ల దగ్గర చదివి వినిపించినా మానదు, నన్ను మాత్రలదాకా తెచ్చి ఆ కుర్చీ పోగొట్టేదాకా వదలదు అనుకున్నాను. పది రోజులు అలా అనుకుంటూనే రాశాను. కోపంలో నా చెయ్యి బాగానే నడిచింది, ఆ మాట ఒప్పుకోవాలి.

పదకొండో రోజు అత్తగారు తన ఊలు కోటుకి ఊడిన గుండీ కోసం కిందికి వచ్చింది. నేను మెట్ల కింద జిప్పుల పెట్టె దించుతున్నాను. సొరుగు లాగిన చప్పుడు వినిపించింది. తర్వాత ఇంకేమీ వినిపించలేదు. వచ్చి చూస్తే గుండీల మధ్య రాళ్ళలా ఎండిపోయిన పది రొట్టెలు, వాటి ముందు ఆవిడ. ఒకటి చేతిలోకి తీసుకుని బల్ల అంచుకి కొట్టి చూసింది. టక్కుమంది.

"దీన్ని కోటుకి కుట్టచ్చు" అంది.

 ఆవిడ ఒక్కొక్కటే బల్ల మీద వరసగా పెట్టింది. అప్పుడు నాకు కోపం పైకొచ్చి, నాకు షుగరని తెలిసీ ఎందుకు పెడుతున్నారు అత్తయ్యా అని అడిగేశాను.

"తెలుసు. అందుకే చాక్లెట్లో బెల్లం సగం చేశాను. ఇది చీజ్ రొట్టె, ఇందులో తీపెక్కడుంది?" అంది. ఆవిడ ఆ మాట మనస్ఫూర్తిగానే అంటోంది. మా వైపు ముసలివాళ్ళందరి లెక్కా అదే, తియ్యగా ఉంటేనే చక్కెర. తర్వాత రొట్టెల వైపు చూస్తూ మెల్లిగా, "నువ్వు రాసిన రోజే కదా పెట్టాను. రాయని రోజు ఎప్పుడైనా పెట్టానా?" అంది.

నేను నిలబడిన చోటే లెక్క వేశాను. ఫిబ్రవరిలో పళ్ళెం నాలుగుసార్లే దిగింది. నాలుగే పేజీలు. మార్చిలో రోజూ రాశాను, రోజూ దిగింది. మూడేళ్ళుగా అంతే. మెట్ల మలుపులో నిలబడితే కొట్టు బల్లా, బల్ల మీద నా మోచెయ్యీ కనిపిస్తాయి. ఆవిడ మూడున్నర నుంచి అక్కడ నిలబడి, మోచెయ్యి కదిలితే, ఆ మోకాళ్ళతో వెనక తలుపు తీసుకుని రెండు వీధులు నడిచి, పొయ్యిలోంచి అప్పుడే తీసిన రొట్టె తెచ్చేది. పేజీకి రొట్టె కూలిగా ఇచ్చుకుంటున్నది నేనే అనుకున్నాను. ఇస్తున్నది ఆవిడ.

"రెండో క్లాసు దాకే చదివాను. నువ్వు రాసేది బాగుందో లేదో నాకు తెలీదు. నాకు పెట్టడం తెలుసు, పెట్టాను" అంది.

ఆ ఇంట్లో నా రాతని ఎవరూ మెచ్చుకోలేదని మూడేళ్ళు మనసులో నలిగాను. మెచ్చుకోలు రాసిన రోజల్లా నాలుగింటికి గుడ్డ కప్పుకుని నా మోచేతి దగ్గరికే వచ్చింది. దాన్ని నేను గుండీల్లో దాచాను. ఎండిన రొట్టె ఒకటి తీసుకుని కొరకబోయాను. ఆవిడ నా చేతి మీద ఒక్కటి కొట్టి లాక్కుంది.

"అయితే నాకు ఇంకోటి పెట్టండి అత్తయ్యా. ఆదివారాలు పెట్టండి. పొద్దున ఏడింటికి నాతో ఏడో రోడ్డు మీదకి రండి. నేను కథ చెబుతాను, మీరు వినండి" అన్నాను.

"మరి సూపు?" అంది.   ఆవిడ కూడా తన పెళ్ళినాటి నుంచి ఆదివారాల దుంపలు ఒలిచిన మనిషే. నేను కోడలిగా వచ్చాక ఒలిచే పీట నాకు ఇచ్చి లేచింది. "వాడికి చేతులున్నాయిగా" అంది చివరికి.

మొదటి ఆదివారం సూపు లేదు. మరుదులు రొట్టె తిని వెళ్ళారు. రెండో ఆదివారం ఎలియేసెర్ సైకిల్ తీయబోతుంటే అత్తగారు చెప్పుల బెల్టు బిగించుకుంటూ, వచ్చేవాళ్ళంతా నీ తోబుట్టువులే కదా నాయనా అంది. దుంపల సంచీ చూపించింది. ఆయన ఒలిచాడు. తొక్కతో పాటు సగం దుంప పోయింది, సూపు పలచగా ఉంది, ఉప్పు లేదు. నేను రెండు గిన్నెలు తిన్నాను. ఇరవై ఆరేళ్ళలో ఎవరో వండింది ఆదివారం తినడం అదే మొదలు. ఆ పలచని సూపు రుచి నాకు ఇంకా గుర్తుంది, ఆయనకి ఆ మాట చెప్పాను కూడా.

ఏడో రోడ్డు మీద అత్తగారు మెల్లిగా నడుస్తుంది. ఆ నడకకి వాక్యం సరిపోతుంది. పరుగెత్తే కుర్రకారు పక్కనుంచి, కుక్కల్ని తిప్పేవాళ్ళ పక్కనుంచి, కోసిన మామిడికాయ మీద ఉప్పు చల్లి అమ్మేవాళ్ళ పక్కనుంచి నడుస్తూ నేను పాల లారీ పిల్ల కథ చెప్పేదాన్ని. లారీ వెనక పిల్ల ఏడ్చిందని చెప్పాను. ఆవిడ ఆగిపోయింది.

"ఏడవలేదు" అంది. "కాళ్ళ దగ్గర పాల క్యాన్లు కదులుతుంటాయి. పట్టుకోకపోతే మీద పడతాయి. ఏడవడానికి చెయ్యి ఎక్కడ ఖాళీ?"

పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆవిడ పట్నం ఎలా వచ్చిందో నేను అడగలేదు. ఆ సాయంత్రం ఏడుపు కొట్టేసి పాల క్యాన్లు రాశాను. నాలుగింటికి పళ్ళెం దిగింది. చాక్లెట్ లేదు, బెల్లం లేదు. అల్లం కాచిన నీళ్ళు, కోసిన జామకాయ. మిగిలిన రోజుల్లో పార్కుకి నేనొక్కదాన్నే వెళ్ళాను. పొద్దున పాల సూపు ఎవరికి కావలసింది వాళ్ళు కాచుకున్నారు, నేను నడకలో తర్వాతి పేజీ కట్టుకున్నాను. మార్చిలో ఇరవై పేజీలు, ఏప్రిల్‌లో ఇరవై రెండు. యమీలే నా పేరు ఎదురుగా గీత గీయలేదు.

మే మొదటి వారం కాగితం వచ్చింది. ఆరూ పాయింట్ ఆరు.

డాక్టరమ్మ సంతోషించింది. ఇలాగే నడవండి, మాత్రల సంగతి ఇంకో మూడు నెలలు ఆగి చూద్దాం అంది. నేను మాత్రం మెట్లెక్కుతూ లెక్క వేశాను. బేరం ఆరున్నర లోపుకి. నేను ఒక చుక్క పైన ఉన్నాను. కొలతలో నాలుగు వేళ్ళు తగ్గితే కొన్నవాళ్ళకి డబ్బు తిరిగిచ్చే మనిషిని. ఇచ్చిన మాట తప్పి ఎరగను.

ఆదివారం పొద్దున ఆరున్నరకి కాగితం ఎలియేసెర్ ముందు పెట్టాను. ఆయన రెండుసార్లు చదివాడు. తగ్గింది, మంచిదే అన్నాడు. తర్వాత బల్ల మీద వేలితో కొట్టాడు.

"కానీ బేరం బేరమే నూబియా."

"బేరమే" అన్నాను. "కుర్చీ వదిలేస్తాను. ముందు నా ఇరవై ఆరేళ్ళ ఆదివారాలు తెచ్చి ఈ బల్ల మీద పెట్టు."

గొంతు పెంచలేదు. ధర చెప్పాక కొట్లో ఎలా ఊరుకుంటానో అలా ఊరుకున్నాను. ముందు మాట్లాడినవాళ్ళు ఓడిపోతారు. ఆయన కాగితం చూశాడు, కిటికీ చూశాడు, గోడకి ఆనించిన సైకిల్ చూశాడు. చాలాసేపటికి లేచి, చొక్కా చేతులు పైకి మడిచి, దుంపల సంచీ విప్పాడు. కత్తి ఎక్కడుందని అడగలేదు. అది కూడా తక్కువేం కాదు, నేను గమనించాను.

గుమ్మంలో అత్తగారు చెప్పులు వేసుకుని తయారుగా ఉంది. ఊలు కోటుకి కొత్త గుండీ కుట్టుకుని, గుండీలన్నీ పెట్టుకుంది. నా చెయ్యి పట్టుకుని మొదటి మెట్టు దిగుతూ అడిగింది.

"లారీ దిగిన పిల్ల మొట్టమొదట ఎవరి గుమ్మం ముందు నిలబడిందో నీకు తెలీదు కదూ? పద, ఇవాళ నేను చెబుతాను, నువ్వు విను."