విగ్రహం కింద రాయాల్సిన మాట

సుమంత్ మంచి లెక్చరరే, కాదనను. కానీ కారు నడుపుతూ కూడా పాఠం చెప్పేవాడి పక్కన కూర్చోవాలంటే నాకు ఒళ్లు మండుతుంది. ఆ ఆదివారం నంద్యాలలో నన్ను ఎక్కించుకున్నది మొదలు ఆళ్లగడ్డ చేరేదాకా వాడు నోరు మూయలేదు. సరిహద్దు అవతల ఏదో దేశంలో జనం తమ ప్రభుత్వం మీద తిరగబడ్డారట. వాళ్లకు మన దేశం తుపాకులివ్వాలా, వద్దా అని ముందురోజు ఒక యూట్యూబ్ చానల్లో వాదన పెట్టారట. వీడు ఇవ్వాలనే పక్షం.

"పక్కింట్లో ఆడోళ్లను, పిల్లోళ్లను సంపుతాంటే మనం తలుపేసుకోని కూసుందామా మామా?" అన్నాడు.

"కూసోమని ఎవురన్నారు?"

"మల్ల ఇయ్యల్ల గదా. ఆ సైన్యానికి విమానాలుండాయి. వీళ్ల చేతిలో ఏముండాది?"

నేను కిటికీ వైపు తిరిగి కూర్చున్నాను. వాడి మాటలో నాకు తప్పు దొరకలేదు. ఇరవయ్యారేళ్ల వయసులో నేను కూడా అచ్చంగా ఇవే మాటలు అన్నాను. నా బాధంతా అదే.

వాడి నాన్న ప్రభాకర్, నేను సైన్యంలో ఒకే కంపెనీ. ఇంజనీర్ల దళం మాది. వంతెనలు కట్టడం, దారిలో మందుపాతరలు వెతికి తీయడం మా పని. శాంతిసేన అని పేరు పెట్టి మమ్మల్ని లంకకు పంపినప్పుడు ఇద్దరం కలిసే ఓడెక్కాం. నేను తిరిగొచ్చాను. వాడు పెట్టెలో వచ్చాడు. అప్పటికి వాడి భార్య లూదియాకు ఆరో నెల. ఆ కడుపులోవాడే ఈ సుమంత్. లూదియా నన్ను అన్నా అంటుంది, వీడు మామా అంటాడు. నాకు పెళ్లి లేదు, పిల్లలు లేరు. ఉన్నదంతా ఆ ఒక్క ఇల్లే. ముప్పై ఏడు క్రిస్మస్‌లు వాళ్లింట్లో తిన్నాను. వాడికి అక్షరాలు దిద్దించింది నేను, సైకిలు నేర్పింది నేను. ఆ ఇంటి గడప నాకు లేకుండా పోతుందేమోనన్న భయంతోనే ఇన్నేళ్లూ ఒక సంగతి మింగి కూర్చున్నాను.

"నాయన విగ్రహం తెరిసే రోజు మైకులో నువ్వే మాట్లాడల్ల మామా," అన్నాడు సుమంత్. "మా నాయన పక్కన నిలబడి యుద్ధం చేసినోడివి. తిరగబడినోళ్లకు సాయం చెయ్యల్లని నువ్వంటే జనం ఇంటారు. మేమంటే పుస్తకాలోళ్లు అంటారు."

"నాకు మైకు పడదురా."

"పడేట్ల నేను రాసిస్తాలే."

ఆళ్లగడ్డలో శిల్పుల షెడ్లన్నీ రోడ్డు పక్కనే ఉంటాయి. లూదియా మాకంటే ముందే వచ్చి ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని ఉంది. అంగన్‌వాడీలో ఆయాగా చేసి మొన్ననే రిటైరైన మనిషి, ఇంకా నడుం వంగలేదు. శిల్పి భాస్కరయ్య ఒంటినిండా రాతిపొడితో వచ్చి గోనెపట్టా లాగాడు.

నల్లరాతిలో ప్రభాకర్ నిలబడి ఉన్నాడు. చేతిలో తుపాకీ. ఎడమ కనుబొమ్మ కొంచెం పైకి ఎగసి ఉంటుంది వాడికి, అది కూడా దించాడు మహానుభావుడు. లూదియా ఏడవలేదు. లేచి వెళ్లి ఆ రాతి బూట్ల మీద పొడి కొంగుతో తుడిచి మళ్లీ వచ్చి కూర్చుంది.

"కింద పలకమీద ఈ మాట చెక్కమన్నాడు సుమంత్ సారు," అని భాస్కరయ్య కాగితం చదివాడు. "శత్రువు తూటాకు ఎదురొడ్డి నేలకొరిగిన వీరుడు. సరేనా? చెక్కినాంక మార్చేకి కాదప్పా, ఇప్పుడే సూసుకోండి."

"అన్నను అడుగు," అంది లూదియా. "ఆ పొద్దు ఆడ ఉండింది అన్న. ఒగే తూటా, నొప్పి తెలీకుండా పాణం పాయనని అన్ననే చెప్పె. అన్న సరే అంటే చెక్కు."

ముగ్గురూ నా వైపు చూశారు. ఆ మాట నేనే చెప్పాను, ఆమెకు ఇరవై ఒక్క ఏళ్లప్పుడు, ఆ పెట్టె పక్కన నిలబడి. పెట్టె ఎందుకు తెరవనివ్వరని ఆమె అడిగితే అప్పటికి నోటికొచ్చింది అన్నాను. అన్నమాటను అంతటితో పోనివ్వకుండా ఇప్పుడు రాతిలో చెక్కుతారట. దాని ముందు నిలబడి నేను జనానికి తుపాకుల సంగతి చెప్పాలట. సిగ్గనేది ఒకటి ఉండాలి కదా మనిషికి.

"తూటా కాదు," అన్నాను.

సుమంత్ ఫోను జేబులో పెట్టుకున్నాడు. "ఏందీ?"

"తూటా కాదురా. మందుపాతర. అది పెట్టడం నేర్పింది నేను."

చెప్పడం మొదలుపెట్టాక ఆపడం నా వల్ల కాలేదు. లంకకు పోవడానికి రెండేళ్ల ముందు నన్నొక్కణ్ణి కంపెనీలోంచి తీసి ఒక అడవిలో శిబిరానికి పంపారు. అక్కడ లంక నుంచి వచ్చిన పిల్లలుండేవాళ్లు, అక్కడి ప్రభుత్వం మీద తిరగబడినవాళ్లు. ముద్రల్లేని పెట్టెల్లో తుపాకులు దిగేవి. పేలుడు మందు పెట్టడం నేర్పమన్నారు, నేర్పాను. వాళ్లలో ఒకడికి పంతొమ్మిదేళ్లు. నన్ను వాద్యార్ అని, అంటే పంతులుగారని, పిలిచేవాడు. వాళ్ల ఇల్లు తగలబెడితే అమ్మ లోపలే ఉండిపోయిందని చెప్పాడు. చెబుతూ ఏడ్చాడా అంటే లేదు, నా బూట్లు చూస్తూ చెప్పాడు.

మాది బేతంచెర్ల. మా నాయన నాపరాతి గనిలో మందు పేల్చేవాడు. పెద్ద మందుకు ముందు చిన్నది ఒకటి పేలుస్తారు మా గనిలో. అది కూలీలకు హెచ్చరిక. ఆ చప్పుడు వినగానే అందరూ పరిగెత్తి ఒక గొయ్యిలో దాక్కుంటారు. నా చిన్నతనమంతా ఆ గొయ్యిలోనే గడిచింది. ఒకరోజు ఆ పిల్లాడితో ఇదంతా చెప్పి, పెద్ద మందు ఆ గొయ్యిలోనే ఉంటే ఒక్కడు కూడా మిగలడు కదరా అన్నాను. ఏ పుస్తకంలోనూ లేదు అది. ఎవడూ నేర్పమనలేదు. వాడి మీద జాలితో నా అంతట నేను ఇచ్చాను.

"రెండేండ్లకు మనమే ఆ పిల్లోళ్లతో కొట్లాటకు దిగితిమి," అన్నాను. "జాఫ్నా దారిలో మీ నాయన ముందు బండిలో ఉండాడు. రోడ్డు మీద చిన్నది పేలింది. అందరూ పక్కన కాలవలోకి దుమికినారు. పెద్దది కాలవలో ఉండె."

భాస్కరయ్య వెనక్కి తిరిగి, లోపల రాయి కోస్తున్న మిషన్ ఆపమని చెయ్యి ఊపాడు.

సుమంత్ మొహం ఎర్రబడింది. నా మీద కోపమనుకున్నాను. కాదు.

"నిన్ను పంపింది ఎవురు మామా? ఆ ఆఫీసరు పేరు చెప్పు."

"చెప్తే గదా నాకు తెలిసేది. మామూలు బట్టల్లో వచ్చేటోడు, పోయేటోడు."

"అయితే నీదేం తప్పుంది? సర్కారు చెప్పింది, నువ్వు చేసినావు."

తప్పించుకునే సందు దొరికింది. పిచ్చి నాయన, వాడే తీసి చూపించాడు. కానీ సర్కారు ఇచ్చినవి తుపాకులు. ఆ గొయ్యి నాది.

"చెప్పినంతే చేసుంటే ఇంత దూరం వచ్చుండదు లేరా," అన్నాను.

వాడు కాసేపు అటూ ఇటూ నడిచాడు. మళ్లీ లెక్చరరు అయ్యాడు. "ఒగటి చెప్పు మామా. మీరెవురూ ఏమీ ఇయ్యకుంటే ఆ పిల్లోడు గూడా వాళ్లమ్మ మాదిరే కాలిపోయుండు గదా?"

"పోయుండును."

"మల్ల ఏం చేయల్లంటావు?"

"నాకు తెల్దురా. అప్పుడు తెల్సు అనుకుంటి, గబగబా ఇచ్చేస్తి. నువ్వు మైకులో చెప్పుకో, వద్దన్లేదు. నన్ను మాత్రం పిలవాకు."

లూదియా చేతులు ఒళ్లో పెట్టుకుని విగ్రహం బూట్లే చూస్తోంది. తిడుతుందనుకున్నాను. తిట్టినా బాగుండేది. చాలా మామూలుగా అడిగింది, బస్సెప్పుడు దిగినావని అడిగినట్టు.

"నువ్వు యాడుండావన్నా అప్పుడు?"

"రెండో బండిలో."

"నువ్వు దుమకలేదా?"

ఇన్నేళ్లూ నేను భయపడింది ఆ శిబిరం గురించి కాదు. ఈ ప్రశ్న గురించే. ఎవరూ అడగలేదు ఇప్పటిదాకా. ఆఫీసర్లూ అడగలేదు.

"లేదు," అన్నాను.

"అందరూ దుమికినారంటివే."

"చిన్నదాని సప్పుడు ఇనంగనే నాకు తెల్సిపాయ లూదియమ్మా. అది నేను నేర్పిందేనని."

"తెల్సినోడివి, దిగాకండని అరసల్ల గదా."

"నోరు రాలేదు. బండి కమ్మీ పట్టుకోని అట్లనే కూసుంటి."

సుమంత్ కుర్చీ వెతుక్కుని కూర్చున్నాడు. వాడిప్పుడు నా వైపు చూడటం లేదు.

"మొదటిదానికీ రెండోదానికీ ఎంతసేపుండె?" అంది లూదియా.

"పది అంకెలు లెక్కపెట్టేంత. నేనే చెప్పినా వానికి, పది లెక్కపెట్టి పేల్చమని."

"లెక్కపెట్టు."

"ఇప్పుడు యాలమ్మా…"

"లెక్కపెట్టన్నా. ఎంతసేపో నేను ఇనల్ల."

లెక్కపెట్టాను. ఒకటి, రెండు, మూడు. నా గొంతు నాకే కొత్తగా వినబడింది. రోడ్డు మీద ఒక లారీ పోయింది. నాలుగు. ఐదు దగ్గర ఆగిపోతే, "కానీ" అంది. ఆరు. అబద్ధం ఎందుకు, తొందరగా అనేసి ముగిద్దామని చూశాను. "నిదానంగా" అంది. ఏడు. ప్రభాకర్ ఆ కాలవలోంచి తల పైకెత్తి నా బండి వైపు చూశాడు ఆ రోజు, నువ్వెందుకు దిగలేదురా అన్నట్టు. అది మాత్రం వాళ్లకు చెప్పలేదు. చెప్పలేను. ఎనిమిది. తొమ్మిది. పది.

లూదియా లేచి నిలబడింది. పాత తరం మనిషి, 'సుమంతు వాళ్ల నాయన' అనడమే తప్ప భర్త పేరు ఆమె నోటివెంట నేనెప్పుడూ వినలేదు.

"ప్రభాకరూ అని ఒగ పిలుపు పిలిసేకి ఇంతసేపు సాలదా అన్నా?" అంది.