మూడో వంట

తొట్టిలో మిరపకాయలు అడుగంటాయి. ఆయన కర్రతో తొట్టి అంచు మీద రెండు దెబ్బలు వేసి, మర మూతికి కట్టిన గుడ్డసంచిని కిందినుంచి పైకి దులిపాడు. ఎర్రటి ధూళి లేచి, కిటికీ వెలుతురులో కాసేపు తేలి, ఆయన కనుబొమల మీద, చెవుల అంచుల మీద వాలింది. వరసలో నిలబడ్డవాళ్లందరూ తుమ్మారు. ఆయన తుమ్మలేదు. తుమ్మడం మరిచిపోయి ఏళ్లయింది.

వీధిలో అందరూ ఆయన్ని కారం మావయ్య అంటారు. మనిషి బక్కపలచన. గోళ్ల మొదళ్లలో, వేళ్ల సందుల్లో ఎరుపు ఇంకిపోయి ఉంటుంది. పొద్దున్నే వచ్చి మోటారు వేస్తాడు, పొద్దుగుంకే వేళకు కట్టేస్తాడు, మధ్యమధ్య దగ్గుతాడు. ఆ దగ్గు మర చప్పుడులో కలిసిపోతుంది కాబట్టి ఎవరి చెవినా పడదు.

వంతు కోసం నిలబడ్డవాళ్లకు తిండి కబుర్లు తప్ప వేరే ఊసుండదు. ఆ రోజు లారీ డ్రైవరు అందుకున్నాడు. తమ కొండ వైపు కారం బరకగా ఉండాలట, పంటికింద గింజ తగలకపోతే అది కారమే కాదట. వెనకనున్న టీచరమ్మ ఒప్పుకోలేదు. సముద్రం వైపు వాళ్లు మెత్తగా ఆడించుకుంటారని, అలా అయితేనే చేపల కూరకు రంగు దిగుతుందని అంది. ఆ వైపు ఒకసారి భోంచేశానని, ఆ పులుపుకి పళ్లు రెండు రోజులు జివ్వుమన్నాయని డ్రైవరు మూతి ముడిచి చూపించాడు. అందరూ నవ్వారు. చివరికి తీర్పు ఆయన మీదికి వచ్చింది.

"నువ్వు చెప్పు మావయ్యా. ఎవరి వంట గొప్ప?"

"తొట్టిలో ఎవరి కాయలుంటే వాళ్లది," అన్నాడు ఆయన.

నిజానికి ఆయనకు ఏ రుచీ తెలియదు. ముందు ముక్కు పోయింది, ఆ వెనకే నాలుక. మొదట్లో మంట ఒక్కటి తెలిసేది, తర్వాత అదీ మొద్దుబారింది. జలుబనుకున్నాడు. కాదని తెలిశాక భార్యకు చెబుదామనుకుని, ఇవాళ రేపు అంటూ నాన్చి, ఇక చెప్పలేని చోటికి వచ్చేశాడు.

ఆయనది ఏటి ఒడ్డు, ఆమెది మెట్ట. పెళ్లయిన కొత్తలో ఆమె వండితే ఆయన చెవుల్లోంచి పొగలొచ్చేవి. ఆయన తన తల్లి వండినట్టు వండించుకుంటే, ఇది కూరా కడుగునీళ్లా అని ఆమె మూతి తిప్పేది. ఒకరి ఊరిని ఒకరు ఆడిపోసుకోకుండా ముద్ద దిగేది కాదు. ఆమె కారం చిటికెడు తగ్గించింది, ఆయన పులుపు దగ్గర ఒక మెట్టు దిగాడు. అలా బతిమాలుకుంటూ, దెప్పుకుంటూ, ఇద్దరి ఊళ్లదీ కాని మూడో వంట ఒకటి తయారైంది. పిల్లలు లేని ఇల్లు. ఇద్దరూ కలిసి కన్నది అదొక్కటే.

అందుకే రుచి పోయాక కూడా ఆయన తీర్పులు మానలేదు. వరసగా నాలుగు రోజులు బాగుందంటే అనుమానం వస్తుందని, ఐదో రోజు ఏదో ఒక వంక పెట్టేవాడు.

ఆ మధ్యాహ్నం ఆమె క్యారియరు తెచ్చింది. మర ఆపి, బల్ల మీద కూర్చుని ఆయన తింటుంటే, ఎప్పటిలాగే ఆయన చేతివంకే చూస్తూ కూర్చుంది.

"ఎలా ఉంది?"

"ఉప్పు సరిగ్గా కుదిరింది. పులుపే కాస్త ఎక్కువైనట్టుంది."

మిగిలింది కలుపుకుని ఆమె ఒక ముద్ద నోట పెట్టుకుంది. నమలడం ఆపేసింది. పొయ్యి మీద కూర ఉండగా నీళ్ల బండి వచ్చిందని బిందెలు పట్టుకుని పరుగెత్తింది ఆ పొద్దున. వచ్చాక మరిచిపోయి అలాగే దించేసింది. అందులో ఉప్పు లేదు, పులుపూ లేదు. ముద్దను ఎలాగో మింగి, ఆయన ముఖంలోకి చూసింది.

"ఎప్పట్నుంచి?"

ఆయన బుకాయించలేదు. "ఈ వీధికి వచ్చిన ఏడాది నుంచి," అన్నాడు.

ఆమె గిన్నెలు ఒకదాని మీద ఒకటి పేర్చి, కడ్డీ బిగించింది. గొంతు పెంచకుండానే అంది.

"నువ్వు పులుపెక్కువంటే తగ్గించాను. చప్పగా ఉందంటే పెంచాను. నా నోటికి పట్టకపోయినా అదే తిన్నాను. ఇన్నేళ్లూ ఎవరికి వండానయ్యా నేను?"

ఆయన మధ్యాహ్నమంతా మర ఆడిస్తూ జవాబు కోసమే వెతికాడు. నీకు పని లేకుండా పోతుందని భయపడ్డానని చెబుదామనుకున్నాడు. కాదు, మన మధ్య మాట లేకుండా పోతుందని భయపడ్డాననుకున్నాడు. దగ్గు తెర వచ్చినప్పుడల్లా ఆ మాటలు చెదిరిపోయాయి.

ఇంటికి వెళ్లేసరికి వీధి మొగదలకే ఘాటు వస్తోందని, కళ్లు తుడుచుకుంటూ పక్కింటావిడ చెప్పింది. భార్య తన పుట్టింటి కూర వండుకుంది, పెళ్లికి ముందు తిన్నట్టుగా, చెయ్యి వెనక్కి తీయకుండా. ఆయనకు విడిగా గంజి కాచింది. ఇద్దరూ ఎదురెదురుగా కూర్చున్నారు. ఆమె ముక్కు కారుతోంది, కళ్లు ఎర్రబడ్డాయి. మంటకో మరెందుకో తెలియలేదు.

"ఎలా ఉందో చెప్పు," అన్నాడు ఆయన.

ఆమె ఇంకో ముద్ద కలుపుకుంది.

"చెప్తే నీకేం తెలుస్తుంది?"

ఆయన తలూపాడు. గంజి తాగి, గిన్నె తనే కడిగి, గోడవైపు తిరిగి పడుకున్నాడు. కాసేపు దగ్గాడు. తర్వాత దగ్గలేదు. నిద్ర పట్టిందనుకుని ఆమె కదిలించలేదు. తెల్లవారి లేపబోతే ఒళ్లు చల్లగా తగిలింది.

వచ్చినవాళ్లు వచ్చారు, వెళ్లినవాళ్లు వెళ్లారు. మర యజమాని కొత్త మనిషిని చూసుకున్నాడు. కొన్నాళ్లకు ఆమె మూలనున్న బట్టల కుప్పలోంచి ఆయన పనిచొక్కా తీసి బక్కెట్లో నానేసింది. నీళ్లు ఎర్రబడ్డాయి. పారబోసి మళ్లీ పట్టింది, మళ్లీ ఎర్రబడ్డాయి. చివరికి పిండి తీగ మీద ఆరేసింది. చొక్కా చేతులు వేలాడేసుకుని గాలికి ఊగుతోంది, కాలరు కుట్టులో ఒక మిరపగింజ ఇరుక్కుని ఉంది.